ఓడ అడుగున పిలవని చుట్టాలు

కొత్త సంవత్సరాన్ని సముద్రం మీద ఆహ్వానిద్దామని సరదాపడి వందలమంది ఓ విహార నౌక ఎక్కారు. దాని పేరు వైకింగ్ ఓరియన్. 930 మంది ప్రయాణికులు పట్టే ఓడ. 2022 డిసెంబరు చివరి వారంలో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ నుంచి బయల్దేరింది. దారిలో క్రైస్ట్‌చర్చ్‌లో ఆగాలి, ఆగలేదు. డ్యునెడిన్‌లో ఆగాలి, ఆగలేదు. ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లోనూ అంతే. చివరికి అడిలైడ్ నగరానికి దాదాపు 27 కిలోమీటర్ల దూరాన సముద్రంలోనే నిలబడిపోయింది.

ఇంజిన్ చెడిపోయిందా? తుపాను వచ్చిందా? అదేం కాదు. ఓడ అడుగున పాచి పట్టింది! నాచు, గుల్లలు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు అంటుకున్న ఆ ఓడను మా నీళ్లలోకి రానివ్వబోమని అధికారులు చెప్పేశారు. డైవర్లు నీళ్లలోకి దిగి అడుగంతా గీకి శుభ్రం చేసేదాకా ప్రయాణికులు కిటికీల్లోంచి సముద్రాన్ని చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. 2023 జనవరి 2న మెల్‌బోర్న్ రేవుకు చేరాకగానీ వాళ్ల కాళ్లు నేలకు ఆనలేదు.

పాచికి ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది. చలిచీమలకు చిక్కిన పెద్ద పాము సంగతి చిన్నప్పుడు బళ్లో చదువుకున్నాం కదా. ఇదీ అలాంటిదే. ఈ చీమలతో మనిషి వేల ఏళ్లుగా కుస్తీ పడుతూనే ఉన్నాడు. గెలిచానని అనుకున్న ప్రతిసారీ ఇంకోచోట దెబ్బ తింటూనే ఉన్నాడు.

తలకిందుల కాపురం

డాబా మీది నీళ్ల ట్యాంకును నాలుగు నెలలు కడగకుండా వదిలేస్తే ఏమవుతుంది? గోడలకు జారుడుగా పాచి పడుతుంది. చేత్తో రుద్దితే వచ్చేస్తుంది. సముద్రంలో కథ అక్కడితో ఆగదు. ఇనుము కానివ్వండి, చెక్క కానివ్వండి, ప్లాస్టిక్ కానివ్వండి... సముద్రపు నీటిలో ముంచిన నిమిషాల్లోనే నీటిలో కరిగి ఉన్న సేంద్రియ పదార్థాలు దానిమీద పలచని పొరలా చేరతాయి. గంటలు గడిచేసరికి బ్యాక్టీరియా వస్తుంది. దాని వెనకే ఏకకణ నాచు. ఆ జిగురు పొరమీద పెద్ద నాచుల బీజాలు, గుల్లల పిల్లలు వచ్చి వాలతాయి. కొన్ని వారాలు వదిలేస్తే ఓడ అడుగున ఓ ఊరే వెలుస్తుంది. శాస్త్రవేత్తలు దీన్ని బయోఫౌలింగ్ అంటారు.

నీళ్లు వెచ్చగా ఉండి, ఓడ కదలకుండా ఉంటే వీటికి మరీ పండగ. అందుకే రేవులో చోటు దొరక్క లంగరేసుకుని వారాల తరబడి ఎదురుచూసే ఓడలకు ఈ బెడద ఎక్కువ. మన బంగాళాఖాతంలాంటి వెచ్చటి సముద్రాల్లో ఇంకా ఎక్కువ.

ఈ ఊరికి మోతుబరి బార్నకిల్. పైకి చూస్తే బుల్లి అగ్నిపర్వతంలా ఉండే తెల్లటి సున్నపు గుల్ల. నత్తకో ఆల్చిప్పకో చుట్టం అనుకుంటాం. నిజానికి దీని దాయాదులు రొయ్యలు, పీతలు! పరిణామ సిద్ధాంతంతో ప్రపంచాన్ని కుదిపేసిన చార్లెస్ డార్విన్ అంతకుముందు 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లపాటు ఈ బార్నకిళ్లనే కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తూ గడిపాడు. అంత చిత్రమైన బతుకు వీటిది.

బార్నకిల్ పిల్ల మొదట్లో స్వేచ్ఛగా నీళ్లలో తిరుగుతుంది. కొన్ని రూపాలు మార్చాక ఇల్లు వెతుక్కునే దశ వస్తుంది. ఆ దశలో తిండి తినదు. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే కాలం నెట్టుకొస్తూ, తల ముందుండే రెండు మీసాలను కాళ్లలా వాడుకుంటూ, దొరికిన చోటల్లా నడిచి పరీక్షిస్తుంది. గరుకుగా ఉందా, నున్నగా ఉందా? ఇరుగుపొరుగున తన జాతివాళ్లు ఉన్నారా? ఆ సంగతి వాళ్లు వదిలిన రసాయన గుర్తులను బట్టి తెలుసుకుంటుంది. పెళ్లి సంబంధానికి వెళ్లినవాళ్లు కూడా అంత ఆరా తీయరేమో! చోటు నచ్చిందంటే తలను అక్కడ అతికించేసుకుంటుంది. ఇక జన్మంతా తలకిందులే. చుట్టూ సున్నపు గోడలు కట్టుకుని, కాళ్లను బయటికి చాపి నీళ్లలో కొట్టుకొచ్చే ఆహారాన్ని నోట్లోకి తోసుకుంటూ బతికేస్తుంది.

మనం ఇంట్లో ఏదైనా అతికించాలంటే ముందు తడి తుడవాలి. బార్నకిల్‌కు ఆ బెంగ లేదు. దాని జిగురు నీళ్లలోనే గట్టిపడుతుంది. గుల్లను గీకి పారేసినా అడుగుభాగం బిళ్లలా ఓడకే అంటుకుని ఉండిపోతుంది. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల డిప్పల మీదా, తిమింగలాల ఒంటి మీదా ఈ గుల్లలే కనిపిస్తాయి. కదిలే ఇల్లయినా వీటికి అభ్యంతరం లేదన్నమాట.

మూకుడు దాకా వచ్చే ఖర్చు

అంటుకుంటే అంటుకున్నాయి, అంత పెద్ద ఓడకు ఈ పిసరంత గుల్లలు బరువా? సమస్య బరువుతో కాదు, గరుకుతనంతో. నున్నటి అడుగు నీటిని సాఫీగా చీల్చుకుంటూ పోతుంది. గరుకు అడుగు నీటిని తనతో ఈడ్చుకుంటూ పోతుంది. అదే వేగంతో వెళ్లాలంటే ఇంజిన్ ఎక్కువ ఇంధనం తాగాలి.

ఎంత ఎక్కువ? ఓడల వ్యవహారాలు చూసే ఐక్యరాజ్య సమితి విభాగం, అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, 2021లో కొన్ని లెక్కలు వెల్లడించింది. అర మిల్లీమీటరు మందం పాచి ఓడ అడుగున సగం మేర పట్టినా కాలుష్య ఉద్గారాలు 25 నుంచి 30 శాతం పెరగొచ్చు. చిన్న చిన్న బార్నకిళ్లో, గొట్టాల్లాంటి గుల్లలు కట్టుకునే పురుగులో పలచగా పరచుకున్నాయంటే ఓ మోస్తరు కంటైనర్ ఓడకు ఆ పెరుగుదల 55 శాతం దాకా వెళ్లొచ్చు. ఉద్గారాలు పెరగడమంటే ఇంధనం అంత ఎక్కువ తగలబడటమే.

ప్రపంచంలో దేశాల మధ్య సాగే సరుకు రవాణాలో 80 శాతానికి పైగా ఓడల మీదే జరుగుతుంది. మన వంటింట్లో వాడే పామాయిల్ ఇండోనేషియా, మలేసియాల నుంచి వచ్చి కాకినాడలాంటి రేవుల్లో దిగేదీ ఓడల్లోనే. ఓడ అదనంగా నూనె తాగితే ఆ ఖర్చు తిరిగి తిరిగి మన మూకుడులోకి రావాల్సిందే కదా!

యుద్ధాల్లో అయితే ఖర్చు రూపాయల్లో తేలదు. 1904 అక్టోబరులో రష్యా తన బాల్టిక్ నౌకాదళాన్ని జపాన్ మీదికి పంపింది. ఆ ఓడలు ఆఫ్రికాను చుట్టి, మడగాస్కర్ దగ్గర వెచ్చటి నీళ్లలో వారాల తరబడి ఆగి, ఏడు నెలలకు గమ్యం చేరాయి. అప్పటికి వాటి అడుగున పాచి, నాచు దట్టంగా పెరిగాయి. జపాన్ ఓడలేమో సొంత రేవుల్లో శుభ్రంగా తయారై ఎదురుచూస్తున్నాయి. 1905 మే నెలలో సుషిమా జలసంధి దగ్గర రష్యా నౌకాదళం తుడిచిపెట్టుకుపోయింది. ఓటమికి కారణాలు చాలానే ఉన్నాయి. వేగం తగ్గిన ఓడలు వాటిలో ఒకటి.

ఒడ్డున పడుకోబెట్టి...

డ్రై డాకులు లేని రోజుల్లో ఓడను ఎలా శుభ్రం చేసేవారు? పోటు సమయంలో ఓడను ఇసుక ఒడ్డు మీదికి తెచ్చేవారు. ఆటు వచ్చి నీళ్లు తగ్గాక తాళ్లతో లాగి ఓ పక్కకు పడుకోబెట్టేవారు. నాచును, పాత తారును మంటతో కాల్చి, గుల్లలను గీకి, మళ్లీ పూత పూసేవారు. తర్వాత రెండో పక్క. ఈ పనికి రోజులు, ఒక్కోసారి వారాలు పట్టేవి.

గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న మన కోరంగి ఆ పనికి పేరుపడ్డ రేవు. ఒకప్పుడు కలకత్తాకు, శ్రీలంకలోని ట్రింకోమలీకి మధ్య పెద్ద ఓడలను గట్టెక్కించి బాగుచేసే చోటు ఇదొక్కటేనని బ్రిటిష్ కాలపు గెజిటీర్లు రాశాయి. 1839 తుపాను ఆ వైభవాన్ని ఉప్పెనలో ముంచేసింది. మిగిలినదాన్ని గోదావరి మేటలు పూడ్చేశాయి.

చెక్క ఓడలకు గుల్లలకంటే పెద్ద గండం ఇంకోటి ఉండేది. చూడటానికి పురుగులా ఉండే ఓ ఆల్చిప్ప జాతి జీవి చెక్కను లోపలి నుంచి తొలిచేసేది. సముద్రపు చెదలు అనుకోండి. కొలంబస్ తన నాలుగో యాత్రలో చివరికి మిగిలిన రెండు ఓడలూ ఇలా జల్లెడలా మారిపోవడంతో 1503లో జమైకా తీరాన వాటిని ఒడ్డెక్కించేసి, ఏడాదిపాటు అక్కడే చిక్కుపడిపోయాడు.

దీనికి విరుగుడుగా బ్రిటిష్ నౌకాదళం 1761లో అలారం అనే యుద్ధనౌక అడుగున రాగి రేకులు తాపడం చేసి చూసింది. చెదలు లేవు, గుల్లలు లేవు! కరిగే రాగి వాటికి విషం. కానీ రెండేళ్లకు ఓడను పరిశీలిస్తే ఇంకో వింత బయటపడింది. రేకులను పట్టి ఉంచిన ఇనుప మేకులు తుప్పుపట్టి పొడి పొడి అయిపోయాయి. ఉప్పునీటిలో ఇనుము, రాగి తగిలి ఉంటే ఇనుము తినేసుకుపోతుందన్న సంగతి అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. తర్వాత మేకుల చిక్కు ఒక్కటొక్కటిగా విప్పుకుంటూ 1779 నుంచి మొత్తం నౌకాదళానికే రాగి తొడిగేశారు.

రాగి కూడా మెల్లగా అరిగిపోతుంది. ఆ అరుగుదల ఆపమని గనుల దీపంతో పేరు తెచ్చుకున్న హంఫ్రీ డేవీని అడిగారు. ఆయన 1824లో చక్కటి ఉపాయం చెప్పాడు. రాగికి తగిలేలా చిన్న చిన్న ఇనుము, జింకు ముక్కలు పెడితే తినివేత వాటిమీదికి పోతుంది, రాగి భద్రంగా ఉంటుంది. అలాగే పెట్టారు. రాగి చెక్కుచెదరలేదు. ఓడ అడుగున మాత్రం గుల్లలు, నాచు మళ్లీ గుంపులు కట్టాయి! రాగి కరగడం ఆగిపోయింది కాబట్టి విషమూ ఆగిపోయింది. రాగిని కాపాడితే ఓడ పోయె, ఓడను కాపాడితే రాగి పోయె! నౌకాదళం ఆ ముక్కలను పీకించేసింది. కానీ డేవీ ఆలోచన వృథా పోలేదు. ఈనాటి ఉక్కు ఓడల అడుగున తుప్పు పట్టకుండా బిగించే జింకు దిమ్మెలు ఆయన ఉపాయమే.

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు

ఉక్కు ఓడలు వచ్చాక రాగి రేకులు పనికిరాలేదు. ఉక్కుకు రాగి తగిలితే ఉక్కుకే చేటు. అందుకే విషం కలిపిన రంగులు వచ్చాయి. 1960ల నుంచి తగరపు సమ్మేళనం ఒకటి వాడుకలోకి వచ్చింది. ట్రైబ్యుటైల్ టిన్, పొట్టిగా టీబీటీ. రంగులో కలిపి పూస్తే కొద్దికొద్దిగా నీళ్లలోకి ఊరుతూ అయిదేళ్ల దాకా గుల్లను దగ్గరికి రానిచ్చేది కాదు. ఓడల యజమానులు ఇక గెలిచినట్టే అనుకున్నారు.

1970ల చివర్లో ఫ్రాన్స్‌లోని అర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పలు పెంచే రైతులు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. ఆల్చిప్పల పిల్లలు బతకడం లేదు. బతికినవాటి చిప్పలు వంకరగా, మందంగా పెరుగుతున్నాయి. ఆరా తీస్తే పక్కనే లంగరేసిన పడవల రంగులోని తగరం దగ్గర తేలింది. ఇంకోచోట ఆడ నత్తలకు మగ అవయవాలు మొలుస్తున్నాయి. అవి గుడ్లు పెట్టలేక కొన్ని తీరాల్లో ఆ జాతే మాయమైంది. దీనికి లీటరు నీటిలో గ్రాములో వందకోట్లవ వంతు విషం కొన్ని పాళ్లు ఉన్నా చాలు! ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే.

1982లో ఫ్రాన్స్ చిన్న పడవలకు ఆ రంగును నిషేధించింది. ప్రపంచమంతా ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. 2001లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2008 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. సైబుట్రిన్ అనే మరో రసాయనానికీ 2023 జనవరి నుంచి అదే గతి పట్టింది. ఇప్పుడు ఎక్కువగా వాడేవి మళ్లీ రాగి కలిపిన రంగులే. విషం లేకుండా, గుల్ల పట్టు జారిపోయేంత నున్నగా ఉండే సిలికోన్ పూతలూ వచ్చాయి. వాటికీ ఓ షరతుంది. ఓడ కదులుతూ ఉండాలి. ఆగిపోతే వాటిమీదా పాచి చేరుతుంది.

ఆరెకరాల గోడ

కాబట్టి ఎన్ని రంగులు వచ్చినా చివరికి మిగిలేది గీకుడే. అయిదేళ్లలో కనీసం రెండుసార్లు ఓడ అడుగును తనిఖీ చేయించాలన్నది అంతర్జాతీయ నిబంధన. అందుకు ఓడలు డ్రై డాకుకు వస్తాయి. నీళ్లు నిండిన పెద్ద తొట్టిలోకి ఓడను తెచ్చి, తలుపు మూసి, నీటిని తోడేస్తారు. ముందే లెక్కగట్టి పేర్చిన దిమ్మెల మీద ఓడ మెల్లగా కూర్చుంటుంది.

సముద్రం మీద తేలే ఓడను చూసినప్పుడు మనకు కనిపించేది సగమే. విశాఖ ఆర్కే బీచ్‌లో ఒడ్డెక్కించి మ్యూజియంగా మార్చిన కుర్సురా జలాంతర్గామి చుట్టూ ఓసారి తిరిగితే నీళ్ల కింద దాగే ఒళ్లు ఎంతో తెలుస్తుంది. ఓ పెద్ద చమురు ట్యాంకరు పొడవు 330 మీటర్లు, వెడల్పు 60 మీటర్లు. నిండుగా చమురు నింపుకుంటే నీళ్లలో మునిగే దాని ఒళ్లు ఆరెకరాల పైచిలుకు ఉంటుంది. ఆరెకరాల పొలానికి కలుపు తీయడం తెలిసినవాళ్లకు ఈ పని ఎంతో ఊహించడం కష్టం కాదు. తేడా ఏమిటంటే ఈ పొలం నిలువుగా ఉంటుంది, కొంత నెత్తిమీద ఉంటుంది!

నీళ్లు దిగిన వెంటనే పని మొదలెట్టాలి. తడిగా ఉన్నప్పుడే గుల్లలు సులువుగా వస్తాయి. ఎండితే గట్టిపడతాయి, చచ్చిన జీవాల కంపు డాకంతా కమ్మేస్తుంది. పొడవాటి కర్రలకు బిగించిన పారల్లాంటి రేకులతో కార్మికులు గీకుతూ పోతారు. వెనకాలే అధిక పీడనంతో మంచినీళ్లు చిమ్మే గొట్టాలు. తుప్పు పట్టినచోట ఇసుకలాంటి గరుకు పొడిని గాలితో విసిరి ఉక్కు మెరిసేదాకా చెక్కుతారు. తర్వాత రంగులు, ఒకదానిమీద ఒకటి. నీటిని లోపలికి లాగే రంధ్రాలు, చుక్కాని సందులు, దిమ్మెల కింద రంగు అందని చోట్లు... గుల్లలు దట్టంగా దాక్కునేది అక్కడే.

ప్రతిసారీ డాకుకు రావడం కుదరదు కాబట్టి మధ్యమధ్యలో డైవర్లు నీళ్లలోనే శుభ్రం చేస్తారు. పైనుంచి గొట్టంలో గాలి అందుతుంటే, గిరగిరా తిరిగే బ్రష్షుల బండిని ఓడ ఒంటికి ఆనించి నడిపిస్తారు. రేవు నీళ్లు చాలాచోట్ల మురికి. చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. నెత్తిమీద వేల టన్నుల ఉక్కు. పైన ఎవరైనా పొరపాటున ప్రొపెల్లర్ తిప్పినా, నీటిని లాగే పంపు వేసినా కింద మనిషి ప్రాణానికే ముప్పు. అందుకే డైవరు దిగేముందు వాటిని ఆపేసి, తాళం వేసి, కాగితం మీద సంతకాలయ్యాకే దిగాలన్నది నియమం. ఆ సంతకాన్ని తేలిగ్గా తీసుకుంటే ఏ బ్రష్షూ కడగలేని మచ్చ పడుతుంది. ఈ మధ్య అయస్కాంతాలతో ఓడకు అతుక్కుని పాకే రోబోలు వచ్చాయి. అవి పెరిగేకొద్దీ మనుషులు దిగే అవసరం తగ్గుతుంది.

మన మత్స్యకారులకు ఈ పని కొత్తేం కాదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం కదా! ఆ 61 రోజుల్లో విశాఖ, కాకినాడ రేవులకు వెళ్లి చూడండి. ఒడ్డెక్కిన పడవలకు గీకుడు, చెక్కుడు, రంగులు. పడవ అడుగు శుభ్రంగా ఉంటే డీజిల్ ఎంత మిగులుతుందో వాళ్లకు ఏ ఐక్యరాజ్య సమితీ చెప్పక్కర్లేదు.

విశాఖకు వచ్చి వెళ్లని అతిథి

ఇప్పుడు అసలు సంగతి. పాచి పట్టిన ఓడ ఎక్కువ నూనె తాగితే అది యజమాని జేబు బాధ. మరి న్యూజిలాండ్, ఆస్ట్రేలియా అధికారులకు ఎందుకంత కంగారు? జవాబు విశాఖపట్నంలోనే ఉంది.

1967లో విశాఖ రేవులో ఓ కొత్త రకం చిన్న ఆల్చిప్ప కనిపించింది. రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర ఆచార్యుడు పి.ఎన్.గణపతి, ఆయన సహచరులు దాన్ని పరిశీలించి 1971లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించారు. అది మన సముద్రాల జీవే కాదు. దాని పుట్టిల్లు భూమికి అవతలి పక్కనున్న కరీబియన్ ప్రాంతం. దాన్ని ఇప్పుడు మైటిలాప్సిస్ సల్లీ అంటున్నారు. అంత దూరం ఈదుకుంటూ రాలేదు. ఓడల వెంటే వచ్చింది. డాల్ఫిన్ నోస్ కొండ చాటున, ఇరుకు దారి లోపల నిలకడగా ఉండే విశాఖ లోపలి రేవు దానికి అత్తారిల్లులా అమరింది. తర్వాత ముంబయిలోనూ కనిపించింది. ఇటీవలి ఏళ్లలో ఇలాంటిదే మరో పరాయి ఆల్చిప్ప జాతి చెన్నై దగ్గర ఎన్నూరు ఉప్పుటేరు అడుగున పరచుకుపోయింది. రొయ్యలు దాగే బురదను కప్పేసి తమ నోటి దగ్గర కూడు తీసేస్తోందని అక్కడి మత్స్యకారులు మొరపెట్టుకున్నారు.

విశాఖకు వచ్చిన ఆల్చిప్పే 1999 మార్చిలో ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని ఓ పట్నంలో తేలింది. ఆ పట్నం పేరు డార్విన్! బార్నకిళ్లతో ఎనిమిదేళ్లు గడిపిన ఆ డార్విన్ పేరే దానికి పెట్టారు. అక్కడ షికారు పడవలు నిలిపే మూడు చోట్ల ఇది వేలకు వేలుగా గుత్తులు కట్టింది. ఆర్నెల్ల క్రితం చూస్తే అక్కడ ఒక్కటీ లేదు. ప్రభుత్వం ఆలస్యం చేయలేదు. ఆ మూడింటికీ నీటి తలుపులు ఉండటం కలిసొచ్చింది. తలుపులు మూసేసి, వంద టన్నులకు మించి బ్లీచింగ్ ద్రావణం, టన్నులకొద్దీ మైలుతుత్తం కుమ్మరించారు. లోపలున్న చేపలు, పీతలు సహా బతికున్న ప్రతి జీవీ చచ్చింది. అప్పటికే అక్కడి నుంచి వెళ్లిపోయిన వందలాది పడవలను వెతికి మరీ పరీక్షించారు. ఇరవై లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా ఖర్చయింది. ఆల్చిప్ప మాయమైంది.

విశాఖలో ఆ అవకాశం లేకపోయింది. ఒకసారి తెరిచిన రేవులో కాపురం పెట్టిన జీవిని వెళ్లగొట్టడం దాదాపు అసాధ్యం. డార్విన్‌లో గెలవడానికి కారణం కనిపెట్టిన తొందర, మూయడానికి ఉన్న తలుపు. ఆ అనుభవమే వైకింగ్ ఓరియన్‌ను నడిసముద్రంలో ఆపింది.

గీకింది ఎక్కడికి?

ఇక్కడే ఓ మెలిక ఉంది. రేవులో నిలబడి ఓడను గీకేశారనుకోండి. ఓడ శుభ్రం. గీకిన గుల్లలు, వాటి గుడ్లు, రాలిన రంగులోని రాగి... అంతా ఆ రేవు నీళ్లలోనే! బ్రష్షు గట్టిగా వేస్తే రంగు పొర లేచిపోయి, ఓడకు పాచి ఇంకా త్వరగా పడుతుంది. బతికున్న ముక్కలు కొత్త ఊళ్లో కొత్త కాపురం పెడతాయి.

అందుకే ఇప్పుడు పద్ధతి మారుతోంది. గీకే యంత్రానికే వాక్యూమ్ గొట్టం అమర్చి, వచ్చిందంతా పైకి లాగి, వడకట్టి, మిగిలిన నీటిని అతినీలలోహిత కాంతితో శుద్ధిచేసి వదిలే ఏర్పాట్లు వచ్చాయి. చెత్త పట్టే ఏర్పాటు లేకుండా నీళ్లలో గీకడాన్ని కొన్ని రేవులు ఒప్పుకోవడం లేదు. పాచి గుల్లలుగా ముదరకముందే తరచూ మెత్తగా తుడిచేయడం ఇంకో దారి. రోజూ పళ్లు తోముకుంటే పుచ్చు పన్ను పీకించుకునే పని ఉండదన్నట్టు.

2018లో న్యూజిలాండ్ తన రేవులకు వచ్చే ఓడ శుభ్రమైన అడుగుతోనే రావాలని నిబంధన పెట్టింది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2011లో మార్గదర్శకాలు ఇచ్చి, 2023లో వాటిని సవరించింది. అవి సలహాలే, ఆదేశాలు కావు. అందరూ పాటించి తీరాల్సిన చట్టాన్ని తయారుచేయాలని 2025 ఏప్రిల్‌లో నిర్ణయించింది. టీబీటీ విషయంలో ఫ్రాన్స్ రైతుల గోడు విన్నప్పటి నుంచి నిషేధం అమల్లోకి వచ్చేదాకా పాతికేళ్లకు పైగా పట్టింది. ఈసారి అంతకాలం ఆగితే ఇంకెన్ని రేవుల్లో ఎన్ని కొత్త చుట్టాలు దిగుతాయో!

రోజూ ఓడలు వచ్చిపోయే రేవులు విశాఖ నుంచి కృష్ణపట్నం దాకా మనకు వరసగా ఉన్నాయి. ఆ పక్కనే వేటతో బతికే ఊళ్లున్నాయి, రొయ్యల చెరువులున్నాయి, పులికాట్ లాంటి సరస్సు ఉంది. వచ్చే ఓడ ఏ సరుకు తెచ్చిందని అడగడం ఎంత ముఖ్యమో, అడుగున ఏం తెచ్చిందని అడగడమూ అంతే ముఖ్యం. ఇల్లు ఊడ్చుకోవడం మంచి అలవాటే. ఊడ్చిన చెత్త పక్కింటి వాకిట్లో పోస్తే మాత్రం ఊరుకుంటామా? ఓడకైనా అదే న్యాయం.